పక్క గాడి ఖాళీ

నికోపోల్, 10 జనవరి 2007

విహ్రా తల్లీ,

ఇక ఫోను చేయకు. మొన్న నువ్వు చాలాసేపు ఏదో చెప్పావు, నాకు మాత్రం నది మీద గాలి వినబడింది. చెవిలో అరిస్తే తప్ప వినబడటం లేదు, ఎదురుగా ఉన్నవాళ్ల మాట పెదవులు చూసి పోల్చుకుంటున్నాను. చదువుకున్నదానివి, ఉత్తరం రాయి.

మీ పెదనాన్న కంప్యూటరు మెషీను సంగతి అడగాలి. ఊళ్లో ఎవరు పోయినా నలభై రోజులకీ ఆరు నెలలకీ ఏడాదికీ తలుపుల మీదా బస్టాపులోనూ ఫొటోతో అంటించే సంతాప కాగితాలు ఆయన దాంట్లోనే చేసేవాడని నీకు తెలుసు. ఆసుపత్రికి వెళ్లే రోజు బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "నా కాగితం నేనే కూర్చి పెట్టుకున్నానే స్టామెనా. ఇంకెవడి చేతా చేయించకు, ఒక్కడికీ కామా ఎక్కడ పెట్టాలో తెలీదు. మెషీన్లో ఉంది. ఆరు నెలలకి అచ్చు వేసి అంటించు, చాలు."

ఆ కాగితం తెరుచుకోవడం లేదు. ముఖం పైనుంచి కిందికి వరస వరసగా వస్తుంది. జుట్టు, నుదురు, కనుబొమలు, కళ్లు, ముక్కు. నోరు రాకముందే ఆగిపోతుంది. గంట కూర్చున్నా అంతే. టీవీలు బాగుచేసే మితోని పిలిస్తే ముఖం మీదే అన్నాడు: "మెమరీ చాలట్లేదు పిన్నీ, పెంచుకోవాలి." "నాకా, దానికా?" అన్నాను. వాడిని ఇక ముట్టుకోనివ్వలేదు. అందులో ఏం రాసుందో వాడు నాకంటే ముందు చదవడం నాకిష్టం లేదు.

నీకు చెప్పకపోతే ఎవరికి చెప్పను. ప్రతి కాగితానికీ అడుగున దుఃఖించేవాళ్ల పేర్లుంటాయి. అక్కడ మా కామెన్ పేరు ఉందో లేదో నాకు తెలియాలి. నువ్వు పుట్టకముందు, 1986లో, వాడెక్కిన సరుకు పడవ వాడు లేకుండా తిరిగొచ్చింది. మే నెలలో ఎప్పుడో వియన్నా దాటాక కనబడలేదన్నారు, అంతే. దూకి అవతలి దేశానికి పారిపోయాడని కొందరు, మునిగిపోయాడని మీ అమ్మలాంటివాళ్లు. శవాన్ని చూడందే కాగితం అంటించనివ్వనన్నాను. ఊరందరికీ కాగితాలు చేసిన మనిషి సొంత కొడుక్కి చేయలేదు. "బతికున్నాడంటావా?" అని అడిగితే ఇరవై ఏళ్లూ ఒకటే జవాబు: "పడుకోవే." అడుగున కామెన్ పేరు వేశాడంటే, బతికున్నాడని నమ్మినట్టే కదా?

ఆరు నెలలు మార్చి 16కి నిండుతాయి. ఏ మెమరీ కొనాలో కనుక్కొని రాయి.

నీ పెద్దమ్మ,
స్టామెనా


వెలికో తర్నోవో, 17 జనవరి

ప్రియమైన పెద్దమ్మా,

నీ ఉత్తరాన్ని తరగతిలో బల్ల కింద పెట్టుకొని మూడుసార్లు చదివాను. ఆ మూడోసారి గురువుగారికి దొరికిపోయాను.

ముందు ఒక్క మాట చెప్పనీ. మన భాషలో కంప్యూటరు మెమరీని 'పామెత్' అంటాం. మనిషి జ్ఞాపకమూ పామెత్తే. గుళ్లో పోయినవాళ్ల కోసం పాడేదీ పామెత్తే. ఒక్క మాట మూడిళ్లలో కాపురం చేస్తోంది! ఇన్నాళ్లూ ఆ సంగతి ఎలా గమనించలేదో. మాటల్ని ఇలా వెలుతురుకి పట్టుకొని చూడడం పెదనాన్నే నేర్పాడు, అచ్చు దుకాణంలోని సీసపు అక్షరాల్ని అద్దం ముందు పెట్టి.

ఇక పని. ఇక్కడ పాత మెషీన్ల విడిభాగాలు అమ్మే స్వెతోస్లావ్ అనే ఆయన్ని అడిగాను. "సైజు చూసి కొనేవాడు మూర్ఖుడు. ముందు పెట్టె విప్పి చూసి రమ్మను మీ పెద్దమ్మని" అన్నాడు. అందుకని మెషీను కట్టేసి, గోడలోంచి తీగ పీకి, గదిని వెచ్చబెట్టే ఇనుప గొట్టాన్ని ఒకసారి ముట్టుకో, ఒంట్లో కరెంటు ఉంటే పోతుంది. పక్క రేకు విప్పు. లోపల దువ్వెనలాంటి పచ్చటి పలక నిలబడి ఉంటుంది, బంగారు పళ్లతో. అదే మెమరీ. ఆ పళ్ల వరసలో గాటు ఒకటుందా, రెండున్నాయా చూడు. రెండుంటే పాత రకం, ఒకటుంటే కొత్త రకం. ఒకదాని గాడిలో ఇంకోటి దిగదు, బలవంతంగా నొక్కకు. పలక మీద చీటీలో అంకెలుంటాయి, అవి రాసి పంపు. పక్కన ఖాళీ గాడులు ఎన్నో కూడా.

ఇంకోటి. పలక పాతబడితే పళ్లకి మకిలి పట్టి మొరాయిస్తుందట. అందుకని పాత జ్ఞాపకాన్ని బయటికి తీసి రబ్బరుతో శుభ్రంగా తుడిచెయ్యి! (ఈ వాక్యం నాకెంత నచ్చిందో. నోట్‌బుక్కులో కూడా రాసుకున్నాను.)

నీ చేతి క్యాబేజీ ఊరగాయ కోసం కలవరిస్తూ,
విహ్రా


నికోపోల్, 25 జనవరి

విహ్రా,

తుడిచెయ్యాలా? రబ్బరుతోనా? ఆ వాక్యం నీకు నచ్చిందా?

అది నీ వాక్యం కాదు. సరిగ్గా ఆ మాటే మీ అమ్మ నాతో అంది, నువ్వు పాలు తాగే పిల్లవి అప్పుడు. "అక్కా, తుడిచేసుకో ఇక" అంది. ఆ తర్వాత రెండేళ్లు దాని గడప తొక్కలేదు నేను. ఇప్పుడు నీ చేత రాయించిందా? ఊరగాయ అంటూ కింద తియ్యగా సంతకం కూడా పెట్టావు.

పెట్టె విప్పాను. గాట్లు రెండు. చీటీ మీద 64 అనీ 100 అనీ ఉంది. ముట్టుకోలేదు, తుడవలేదు, తుడవను. గాడులు రెండే. దీని పక్క గాడి ఖాళీ. ఆగస్టులో పిడుగు పడ్డప్పుడు అక్కడున్నది కాలిపోతే ఆయనే పీకి నదిలోకి విసిరాడు. "ఇంకోటి తెస్తాలే" అన్నాడు. సెప్టెంబరులో పోయాడు.

పొద్దున్నే మెషీను వేస్తే ముందు నల్ల తెర మీద అంకెలు లెక్కపెడుతుంది. 65536 దాకా వెళ్లి ఆగుతుంది. అరవై అయిదు వేల మంది ఎవరా అనుకుంటాను. మన ఊళ్లో అంతమంది ఎప్పుడూ పోలేదు.

నిన్న పక్కింటి త్సోన్కా వచ్చింది. దాని మొగుడికి ఏడాది వస్తోంది. "మా ఆయన నీ పెట్టెలోనే ఉన్నాడు కదా, కాస్త బయటికి తియ్యవే" అని పోరు. "నా మొగుడే ఇంకా నోటిదాకా రాలేదు, నీ మొగుణ్ణెక్కడ తీసేది" అన్నాను. శిలువ గుర్తు వేసుకొని వెళ్లిపోయింది. ఊళ్లో ఏం చెబుతోందో.

కొనే పని ఉంటే కొను. తుడిచే పని చెప్పకు.

స్టామెనా


వెలికో తర్నోవో, 2 ఫిబ్రవరి

పెద్దమ్మా, నా మంచి పెద్దమ్మా,

నా చెంప నేనే వాయించుకున్నాను. మా గదిలో పిల్లలు నవ్వారు. అమ్మ ఏమీ చెప్పలేదు, ఒట్టు. మాటల మత్తులో రాశాను. తుడవమన్నది బంగారు పళ్లకి పట్టిన మకిలిని, పెన్సిలు రబ్బరుతో, చెంచా తోమినట్టు. లోపల ఉన్నదేదీ చెరగదు.

అసలు ఆ పలకలో పెదనాన్న లేడు. ఇలా చెబుతాను. అచ్చు దుకాణంలో అక్షరాలన్నీ అరల పెట్టెలో ఉండేవి కదా, ఆయన ఎడం చేతిలో చిన్న ఇనుప పళ్లెం పట్టుకొని అందులో ఏరి పేర్చేవాడు. మెషీన్లో అరల పెట్టె వేరే ఉంది, కాగితాలూ ఫొటోలూ అన్నీ అక్కడ భద్రం. మెమరీ అన్నది చేతిలో పళ్లెం. ఆయన కాగితం పెద్దది, పళ్లెం చిన్నది, అందుకే సగంలో ఆగుతోంది. పని అయ్యాక పళ్లెం ఖాళీ. సాయంత్రం మెషీను కట్టగానే మెమరీ మొత్తం మరిచిపోతుంది, ఒక్క గీత కూడా మిగలదు. కాబట్టి భయపడకు.

పలక పంపుతున్నాను. స్వెతోస్లావ్ దగ్గర నీ మెషీనుకి దిగేవి రెండే ఉన్నాయి, రెండూ 256వి. ఒకటి ఎవరూ వాడనిది, నల్ల చిప్పులు ఒక్క వైపే ఉన్నాయి. రెండోది పాతది, రెండు వైపులా చిప్పులు, ఏదో పల్లెలో మూతపడిన జనన మరణాల నమోదు కచేరీ మెషీన్లోంచి పీకిందట. "పాత బోర్డుకి పాతదే మంచిది" అని గొణిగాడు. కానీ పెద్దమ్మా, నవ్వకు, ఎవరెవరి చావులో మోసినదాన్ని నీ ఇంటికి పంపబుద్ధి కాలేదు. కొత్తదే తీసుకున్నాను.

ప్లెవెన్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. ఖాళీ గాడిలో, గాట్లు కలిసేలా, రెండు చివరలా చెవులు టక్కున మూసుకునేదాకా నొక్కు. లెక్క 327680 దాకా వెళ్తే అంతా సరిగా ఉన్నట్టు.

సిగ్గుపడుతూ,
నీ విహ్రా


నికోపోల్, 20 ఫిబ్రవరి

విహ్రా తల్లీ,

మీ అమ్మని అన్న మాట వెనక్కి తీసుకున్నాను. నీ పలక ఎనిమిదో తారీకునే అందింది. పెట్టలేదు. ఎందుకో చెబుతాను, తిట్టకు.

కట్టగానే మొత్తం మరిచిపోతుంది, ఒక్క గీత మిగలదు అని నువ్వే రాశావు. అది చదివి బొత్తాం మీదికి వేలు పోలేదు. అంటే సెప్టెంబరు నుంచి రోజూ సాయంత్రం నా చేత్తో నేనే ఆయన్ని మరిపిస్తున్నానా? అరల పెట్టె సంగతి కూడా రాశావు, చదివాను, అర్థమైంది. అయినా వేలు పోలేదు. ఆరో తారీకు నుంచి మెషీను కట్టలేదు. ముక్కు దాకా ఉన్న ముఖం అలాగే గదిలో ఉంది. దాని ముందే తిన్నాను, దాని ముందే అల్లుకున్నాను. పెట్టె మీద చెయ్యి పెడితే లోపల ఏదో తిరుగుతున్నట్టు సన్నగా కదులుతుంది, చెవులు లేనిదాన్ని కదా, అదే నాకు వినికిడి. త్సోన్కా కిటికీలోంచి చూసి "ఎవరితోనే మాటలు?" అంది. "ఎవరితో అయితేనేం, నోరు లేనివాడు, ఎదురు చెప్పడు" అన్నాను. ఇక మా ఇంటికి రావడం మానేసింది.

మొన్న పట్టపగలు గాలికి తీగలు తెగి ఊరంతా కరెంటు పోయింది. తెర చీకటైంది. ఆయన పోలేదు. గాజు మీద కళ్లున్నాయి విహ్రా. గోధుమరంగు మరకలా నుదురు, దాని కింద రెండు కళ్లు. తడిగుడ్డతో తుడిచాను. తుడవనన్నదాన్ని నేనే తుడిచాను. పోలేదు. లోపలి వైపు ఉన్నాయి.

ఎలాగూ కరెంటు లేదు కదా అని అప్పుడే పలక పెట్టాను. చెవులు మూసుకున్నాయి. సాయంత్రానికి కరెంటు వచ్చింది. లెక్క నువ్వు చెప్పినంత పోలేదు. 196608 దగ్గర ఆగింది. తీసి మళ్లీ పెట్టాను, నీ రబ్బరుతో పళ్లు తోమాను కూడా. అంతే. కానీ ముఖం ముందుకి వచ్చింది. నోరు వచ్చింది. మూసి లేదు. ఎవరో గదిలోకి రావడం వల్ల మాట మధ్యలో ఆపినట్టు, కొంచెం తెరిచి ఉంది. గడ్డం దగ్గర మళ్లీ ఆగింది.

ఇప్పుడు ఇదివరకటికంటే కష్టంగా ఉంది. నోరు లేనప్పుడు చెప్పలేడని సరిపెట్టుకున్నాను.

త్వరగా రాయి.
పెద్దమ్మ


వెలికో తర్నోవో, 27 ఫిబ్రవరి

పెద్దమ్మా,

తప్పు నాదే, నీ చేతిది కాదు. ఒక్క వైపు చిప్పులున్న పలకల్లో ఒక్కో చిప్పూ మరీ కిక్కిరిసి ఉంటుందట. పాత బోర్డు దాన్ని సగమే చదవగలదు. స్వెతోస్లావ్ నన్ను పైనుంచి కిందికి చూసి అన్నాడు: "చెప్పానా లేదా? భాషాశాస్త్రం చదివే పిల్లవి, గొణుగుడు కూడా భాషే." నిన్ను భయపడొద్దని రాసి, భయపడింది నేను. మెమరీ ఏదీ గుర్తుంచుకోదని నీకు పాఠం చెప్పి, ఆ కచేరీ పలకని ముట్టుకోవడానికి నేనే జంకాను.

ఆ పలకే ఇప్పుడు పంపుతున్నాను. రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులు. నేనే పళ్లు తోమాను. దాంతోపాటు మార్చి ఒకటిన వసంతానికని కట్టుకునే ఎరుపు తెలుపు దారం పెట్టాను, కట్టుకోవాలనిపించకపోతే కిటికీకి కట్టు. గాజు మీద కళ్ల సంగతీ అడిగాను. ఒకే బొమ్మ రోజుల తరబడి కదలకుండా ఉంటే పాత తెరలు లోపల కాలిపోతాయట. అంతేనట. అంతే అని రాయడం నాకు తేలికే, నువ్వున్న గదిలో నేను లేను.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు నీ కాగితం గురించి అమ్మకి చెప్పాను. చేతిలో పిండి అలాగే ఆపేసి "దాన్ని తెరవనివ్వకు విహ్రా" అంది. "ఎందుకమ్మా?" అన్నాను. "ముసలిది, తట్టుకోలేదు" అంది. "ఏం తట్టుకోలేదు?" అంటే పొయ్యి వైపు తిరిగి నిలబడింది.

పెద్దమ్మా, పదహారో తారీకుకి నేను వస్తాను. ముందు నన్ను చదవనీ. బాగా లేకపోతే మాటలు వెతికి, నెమ్మదిగా చెబుతాను. ఇన్ని మాటలు పోగేసుకుంటున్నది ఎందుకు మరి?

నీ విహ్రా


నికోపోల్, 19 మార్చి

విహ్రా తల్లీ,

నిన్ను రావద్దని తంతి కొట్టించినందుకు కోపం తెచ్చుకోకు. నెమ్మదిగా చెప్పే మాటలు ఇరవై ఏళ్లుగా విన్నాను.

పదిహేనో తారీకు పొద్దున పలక మార్చాను. లెక్క 327680 దాకా వెళ్లింది. కాగితం తెరిచాను. ముక్కు, నోరు, గడ్డం, పెళ్లినాటి ఆ కోటు. ఆగలేదు. ఆయన కింద ఇంకో ఫొటో మొదలైంది. పడవ పనివాళ్ల టోపీ. ఇంకో నుదురు. నేను కుర్చీలోంచి లేచాను, కళ్లు రాకముందే ఎవరో తెలిసింది. పూర్తిగా వచ్చాడు, నవ్వుతూ. కింద అక్షరాలు:

ఆరు నెలలు, హరలాంపి లేకుండా. అచ్చు కూర్పరి. 1934 – చుక్కలు.
ఇరవై ఏళ్లు, కామెన్ లేకుండా. పడవ పనివాడు. 1963 – 1986 మే 19.
దుఃఖించే మనిషి: స్టామెనా.

కామెన్ పేరు ఉంది. నేను వెతికిన చోట కాదు, పైన. కింద నేనొక్కదాన్నే.

తేదీ చూశావా? మాకు చెప్పింది మే నెలలో ఎప్పుడో అని. మీ పెదనాన్న తేదీ ఊహించి వేసే మనిషి కాదు. తెలియకపోతే చుక్కలు పెట్టేవాడు, మంత్రి చచ్చినా సరే. తనకి చుక్కలు పెట్టుకున్నాడు. కొడుక్కి పెట్టలేదు. ఆ పంతొమ్మిది ముందు సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆ ఏడాది జూన్‌లో పన్ను పీకించుకోవాలని రూసే వెళ్లి మూడు రోజులకి వచ్చాడు. సూపు తాగుతుంటే చూశాను, పన్ను దాని చోటే ఉంది. నేనేమీ అడగలేదు. ఆయన ఒక్కడే దాచాడని అనకు. ఆ పన్నుని నేనూ చూశాను.

పదహారున ఆయన చుక్కల చోట తేదీ నేనే కొట్టాను, ఒక్క వేలితో. నాలుగు కాగితాలు అచ్చు వేశాను. తలుపు మీద, గుడి దగ్గర, రేవులో, బస్టాపులో అంటించాను. బస్టాపు దగ్గర మనోల్ ఉన్నాడు. కామెన్ పనిచేసిన పడవలోనే ఉండేవాడు, ఇరవై ఏళ్లు నాతో ఒకే వరసలో రొట్టె కొన్నాడు. కాగితం చదివి టోపీ తీశాడు. పెదవులు చూసి పోల్చుకున్నాను:

"అయితే చివరికి నీకు చెప్పాడన్నమాట వదినా."

"ఎప్పుడో చెప్పాడు" అన్నాను.

అబద్ధమాడాను. లేకపోతే నోరు విప్పేవాడు కాదు. నా చెవిలో అరిచి చెప్పాడు, అరవకపోతే నాకు వినబడదు కదా, బస్టాపంతా వింది. కామెన్ పారిపోదామని వియన్నా దాటాక ఓ రేవు దగ్గర దూకాడు. రెండు పడవల మధ్య పడ్డాడు. మూడో రోజు దిగువన దొరికాడు. రూసేలో రహస్య పోలీసుల గదిలో మీ పెదనాన్నకి ఫొటో చూపించి, గడియారం ఇచ్చి, ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. పారిపోయినవాడి తల్లికి మిల్లులో పని ఉండదన్నారు. "ఆ తర్వాత ఆ ప్రభుత్వం పోయి కాలం మారింది కదయ్యా, అప్పుడెందుకు చెప్పలేదు?" అన్నాను. మనోల్ ఈసారి అరవలేదు. చేతులతో చూపించాడు, సూదులతో అల్లుతున్నట్టు. ప్రతి చలికాలం నేను కామెన్ కొలతకి ఒక స్వెట్టరు అల్లేదాన్ని. ఊరందరికీ తెలుసు.

మీ అమ్మని ఏమీ అడగకు. దానికి తెలుసు, ఆయనే చెప్పి ఉంటాడు. మోసింది పాపం. ఈస్టరుకి నా ఇంటికి రమ్మన్నానని చెప్పు.

కామెన్ ఆస్ట్రియాలో నది ఒడ్డున ఓ పల్లె శ్మశానంలో ఉన్నాడు. ఆ ఊరి పేరు మనోల్ రాసిచ్చాడు. ఇనుప శిలువ, దాని మీద పేరు లేదట, అంకె ఒకటే ఉందట. జనవరి నుంచి పాస్‌పోర్టు లేకుండా మన గుర్తింపు కార్డుతోనే అక్కడిదాకా వెళ్లొచ్చని బస్సు ఆఫీసులో చెప్పారు. మే పంతొమ్మిదికి వెళ్దాం. నాకు వినబడదు కాబట్టి నువ్వు రావాలి, వాళ్లు ఏమన్నారో కాగితం మీద రాసి చూపించాలి. జర్మను రాదంటావేమో, రెండు నెలలుంది, నేర్చుకో. నల్ల రంగూ సన్న కుంచే నేను తెస్తాను. నా చెయ్యి వణుకుతుంది, నీ రాత బాగుంటుంది. వాడి పేరు నువ్వు రాయి.

నీ పెద్దమ్మ,
కామెన్ తల్లి స్టామెనా